ముప్పై ఏడో జత

ఆగస్టు 2. ఉదయం పది.

ఇరవై ఒక్కేళ్ళ కిందట ఒక కాగితం మీద, ఫోను కేబుళ్ళు అతికే నా చేతుల్ని తప్పు పట్టారు. జాయింటరు అజాగ్రత్త వలన జాయింటులోనికి నీరు చేరినది. ఒక్క వాక్యం. రాసినవాడు గుంటలోకి దిగలేదు. జాయింటు విప్పలేదు. కుర్చీలో కూర్చుని రాశాడు. అన్నం ఉడికిందో లేదో చూడాలంటే ఒక మెతుకైనా పట్టి చూస్తారు. వీళ్ళు మూత కూడా తీయకుండా నా ముప్పై ఏళ్ళ పనిని పారబోశారు.

ఈ డైరీ నేను రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు ఇచ్చింది. మా బీరువాకు ఒక కాలు పొట్టి. ఇన్నేళ్ళూ ఆ కాలు కింద పెట్టాను. ఇవాళ తీసి చెక్కముక్క పెట్టాను. లోపల ముద్ర వేసిన తేదీలు ఏ కాలానివో. కొట్టేసి నావి వేసుకుంటున్నాను.

ఎందుకు తీశానంటే, నిన్న టెలిఫోను ఆఫీసులో గుమాస్తా నోటిమాట చెల్లదు పెద్దాయనా, ఏ రోజు ఏం జరిగిందో తేదీ వేసి రాసుకో, అప్పుడు చూద్దాం అన్నాడు. రాస్తాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. చెయ్యి మెల్లగా నడుస్తుంది. బుర్ర మెల్లగా నడవదు.

ఈ నెల 31 మధ్యాహ్నం పన్నెండింటికి రాగి లైన్లన్నీ ఆపేస్తారట. ఇక అందరికీ ఫైబరే. వాడకంలో లేని పాత కేబులు తవ్వి పట్టుకుపోతారట. మా వీధికి పదకొండో తేదీన వస్తారు. పిండిమర ముందు గుంట కూడా తవ్వుతారు. నా జాయింటు ఆ గుంటలోనే ఉంది.

ఆగస్టు 3. ఉదయం.

గుమాస్తాకు ఫోను గాల్లో వస్తుందనుకునే వయసు. వాడి కోసం రాస్తున్నాను.

ఇంటికొక జత. జత అంటే ఒకదాన్నొకటి మెలేసుకున్న రెండు రాగి తీగలు. ఇంటి గోడ నుంచి స్తంభం మీది డబ్బాకు వెళ్తుంది. డబ్బా నుంచి భూమిలోకి దిగి వీధి చివర ఇనప కేబినెట్టుకు. అక్కణ్ణుంచి లావు కేబులు, తిన్నగా ఎక్స్ఛేంజీకి. అక్కడ మనిషిని మించిన ఎత్తున ఇనప చట్రం, దాని మీద ప్రతి ఇంటికీ ఒక చోటు. కరెంటు పోయినా ఫోను ఎందుకు పలికేదంటే, ఎక్స్ఛేంజీ బ్యాటరీలు ఆ జత గుండానే ఇంటింటికీ కాస్త కరెంటు పంపేవి. ఇల్లంతా చీకటైనా ఫోను బతికే ఉండేది.

కేబులు ఒక్క ముక్కగా రాదు. ముక్కకు ముక్క కలపాలి. కలిపిన చోటు పేరు జాయింటు. వంద జతలంటే రెండు వందల తీగలు. ఒక్కొక్కటీ చేత్తో మెలిపెట్టి, తొడుగు తొడిగి, అన్నిటి మీదా లావుపాటి స్లీవు వేసి, బ్లో ల్యాంపు మంటతో కాల్చి బిగించాలి. చీమ దూరకూడదు. చీమ దూరిన చోట నీరు దూరుతుంది. నీరు దూరితే వీధికి వీధి మూగబోతుంది. అదీ నా పని.

నేను మనుషుల్ని జతలతో గుర్తుపెట్టుకుంటాను. పిండిమర పన్నెండు. దర్జీ ఇల్లు పంతొమ్మిది. మాది నలభై. ఎదురింటి మాస్టారిది ముప్పై ఏడు. వీధిలో అందరూ ఎప్పుడో పీకించేసుకున్నారు. మిగిలినవి రెండే, నలభై, ముప్పై ఏడు.

మా గుమ్మానికీ ఆయన గుమ్మానికీ మధ్య ఇరవై అడుగులు. ఆయన నాకు ఫోను చేస్తే మాట స్తంభం ఎక్కి, భూమిలో దూరి, మైలున్నర అవతల ఎక్స్ఛేంజీకి పోయి, మళ్ళీ మైలున్నర వెనక్కి వచ్చి మా ఇంట్లో మోగుతుంది. ఇరవై అడుగులకు మూడు మైళ్ళు. మోగలేదు. ఒక్కసారి కూడా.

అదే రోజు, సాయంత్రం.

రాయక తప్పదు.

ఆ ఏడాది వానలు దంచికొట్టాయి. మాస్టారి భార్యకు గుండె జబ్బు. మధ్యాహ్నం మూడింటికి ఆవిడకు ఊపిరాడలేదు. మాస్టారు ఫోను ఎత్తాడు. టోను లేదు. పక్కింటికి పరిగెత్తాడు. అక్కడా లేదు. ఆ వానలో మెయిన్ రోడ్డు దాకా పోయి బండి తెచ్చేసరికి అంతా అయిపోయింది.

వారానికి కాగితం వచ్చింది. జాయింటరు అజాగ్రత్త. ఎవరో మోసుకెళ్ళి మాస్టారి చెవిన వేశారు. ఆయన వీధి దాటి మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. నీ చేతులు చూపించు అన్నాడు. చూపించాను. తిప్పమన్నాడు. తిప్పాను. రెండు వైపులా చూసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నాతో మాట లేదు. తిట్టి ఉంటే పడేవాణ్ణి. కొట్టినా పడేవాణ్ణి. చేతులు చూసి పోవడమేమిటి? సంతలో దూడ నోరు చూసినట్టు?

నన్ను జాయింటు పని నుంచి తీసి స్టోర్సు గేటు దగ్గర కూర్చోబెట్టారు. గుంట తెరవండి, జాయింటు విప్పి చూడండి అని ఏడుసార్లు అడిగాను. తెరవలేదు. పక్క నుంచి కొత్త ముక్క లాగి లైన్లు కలిపేశారు. పాత జాయింటును మట్టిలోనే వదిలేసి పైన సిమెంటు రోడ్డు వేశారు. నా సాక్షి ఇరవై ఒక్కేళ్ళుగా ఆ రోడ్డు కింద పడుకుని ఉంది. దాని మీద నుంచి స్కూటర్లు పోతున్నాయి.

ఆగస్టు 5.

ఆఫీసుకు వెళ్ళాను. సర్వరు డౌన్ అన్నారు. నేనడిగింది బీరువాలో కాగితం.

ఆగస్టు 6.

మళ్ళీ వెళ్ళాను. అప్పటి ఎంక్వయిరీ ఫైలు లేదు పెద్దాయనా, చెదలు పట్టి తీసేశారు అన్నాడు గుమాస్తా. నా సర్వీసు పుస్తకంలో ఆ ముక్క ఉందా అన్నాను. ఉంది అన్నాడు, వేలు పెట్టి చూపించాడు. ఫైలుకు పట్టిన చెదలు ఆ ముక్కకెందుకు పట్టలేదయ్యా అన్నాను. చెదలకు చదువు రాదు కదా అని పక్క సీటువాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. సాక్ష్యం పోయింది, మచ్చ మాత్రం భద్రంగా ఉంది. ఏం ఆఫీసు.

ఇంటికొచ్చి మా ఇంటావిడకు చెప్పాను. ఇంకా ఎన్నాళ్ళయ్యా ఆ గుంటలో కూర్చుంటావు, బయటికి రారాదా అంది. తవ్వితే వస్తాను అన్నాను.

ఆగస్టు 11. ఉదయం ఏడు.

వచ్చారు. ఒక యంత్రం, ఒక లారీ, ఆరుగురు మనుషులు. వాళ్ళ మీద ఒక ఇంజినీరమ్మ. నెత్తిన పసుపు టోపీ, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు. తాతగారూ, గుంట పక్కన నిలబడకండి, జారతారు అంది. మీ నాన్న నిక్కరు వేసుకోకముందు నుంచీ గుంటల్లో నిలబడుతున్నానమ్మా అన్నాను. మా నాన్నకు అరవై ఏళ్ళు, ఇప్పటికీ ఇంట్లో నిక్కరే అంది. నవ్వొచ్చింది. బయటపడనివ్వలేదు.

వాళ్ళ పని చూస్తే ఒళ్ళు మండింది. కేబులు బయటికి లాగడం, రంపంతో కోయడం, లారీలో విసరడం. జాయింటు వస్తే అదీ లారీలోకే. విప్పేది లేదు, చూసేది లేదు. వీళ్ళదీ ఆ పాత వంశమే.

పిండిమర నుంచి కుర్చీ తెప్పించుకుని సరిగ్గా గుంట ఉండే చోట వేసుకు కూర్చున్నాను. యంత్రం నా ముందుకొచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఎంతసేపు కొడతావో కొట్టు అన్నాను. ఇంజినీరమ్మ వచ్చింది. చెప్పాను, మొదటి నుంచీ. ఆ పిల్ల చేతిలో టీ చల్లారిపోయింది. రేపు పొద్దున మీ ముందే తీయిస్తాను, మీరే విప్పండి, ఇప్పుడు కుర్చీ తీయండి తాతగారూ అంది. నువ్వు మాట తప్పితే రేపు మంచం తెచ్చుకుంటాను అన్నాను.

ఆగస్టు 12. మధ్యాహ్నం.

తీశారు. విప్పాను.

మా పనిలో ఒక రివాజు ఉంది. జాయింటు మూసే ముందు లోపల ఒక చీటీ పెట్టాలి. పేరు, తేదీ. తర్వాత విప్పినవాడికి ఇది ఎవడి పనో తెలియాలి. నేను చీటీ పెట్టేవాణ్ణి కాదు. రాగి తీగను మూడు మెలికల ముడి వేసి పెట్టేవాణ్ణి. ఇదేమిటని అడిగితే కాగితం చివుకుతుంది, రాగి చివకదు అనేవాణ్ణి. అందరూ మెచ్చుకునేవాళ్ళు. అసలు సంగతి, నాకు రాయడం రాదు.

ముడి ఉంది. చిలుము పట్టి పచ్చగా, వేసిన చోటే ఉంది.

కానీ స్లీవు నేను వేసినట్టు లేదు. పొడుగునా కత్తితో కోసి ఉంది. కోత మీద నల్ల టేపు చుట్టలు చుట్టలుగా. నేను పుట్టి బుద్ధెరిగాక టేపుతో జాయింటు మూయలేదు. అది తలుపు ఊడదీసి గోనెపట్టా కట్టడం. లోపలంతా బురద.

కడుక్కుంటూ ఒక్కొక్క జతా చూశాను. తొంభై తొమ్మిది జతలు నా చేతివే. కుడిచేతి మెలిక. ఒకే ఒక్క జత మెలిక ఎడమకు తిరిగి ఉంది. రంగుల్ని బట్టి లెక్కపెట్టాను. ముప్పై ఏడు. నేను మూసినప్పుడు అది ఖాళీ జత. ఎవరికైనా పనికొస్తుందని చివరలు కలపకుండా మడిచి పెట్టాను. ఎవడో నా తర్వాత తెరిచి దాన్ని కలిపాడు.

ఇంజినీరమ్మ ఫోటోలు తీసింది. మీ తర్వాత ఎవరో తెరిచారు, ఇందులో అనుమానమే లేదు తాతగారూ అంది. పిండిమర యజమాని, డ్రైవరు, ఆరుగురు పనివాళ్ళు విన్నారు. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది.

అదే రోజు, సాయంత్రం.

ఎడమచేతివాటం మా బ్యాచీ మొత్తంలో ఒక్కడికే. పొడుగు. మేమంతా వాణ్ణి అలాగే పిలిచేవాళ్ళం, నాతోపాటే జాయింటరు.

ఇంకో సంగతి. ముప్పై ఏడు మాస్టారి జత. అంటే మాస్టారికి ఫోను ఇవ్వడానికే నా జాయింటు తెరిచారు. తెరిచి, సరిగ్గా మూయలేదు. అక్కడే నీరు దూరింది. ఏ ఫోను కోసం తెరిచారో ఆ ఫోనే ఆయనకు పలకలేదు.

ఇప్పుడన్నీ అతుకుతున్నాయి. అప్పట్లో ఫోను కావాలంటే ఏళ్ళ తరబడి క్యూ. దర్జీకి అయిదేళ్ళు పట్టింది. మాస్టారికి రెండు రోజుల్లో వచ్చింది. అప్పటి మా ఇంజినీరు మాస్టారి దగ్గర చదువుకున్నవాడు. నేను జ్వరంతో సెలవులో ఉన్నాను. లేచి చూస్తే ఎదురింట్లో ఫోను మోగుతోంది. డబ్బాలో మిగిలిన జత ఏదో ఇచ్చి ఉంటారనుకున్నాను. వందల జాయింట్లలో ఏ జత ఎక్కడ మడిచానో గుర్తుండదు, నా గుంట తెరిచారని ఎలా అనుకుంటాను?

జాయింటు భుజాన వేసుకుని బయల్దేరాను. నా చేతులు చూశారుగా మాస్టారూ, ఇక ఇది చూడండి అని ఆయన వరండాలో పడేద్దామని. గేటు దాకా వెళ్ళాను. మా ఇంటావిడ వెనకాలే వచ్చి చొక్కా పట్టుకుంది. ఎందుకు తెరిచాడో, ఎందుకు మూయలేదో ముందు ఆ పొడుగును అడగవయ్యా, అడక్కుండా తీర్పు చెప్తే ఆ కుర్చీలోవాడికీ నీకూ తేడా ఏముంది అంది. చొక్కా చిరిగింది. ఆగాను.

ఆగస్టు 14.

ఇంజినీరమ్మ ఇంటికొచ్చింది. మీ వాంగ్మూలం ఒకటి రాసివ్వండి, నా రిపోర్టు జతచేస్తాను, ఇరవై ఒకటిన పెద్దాఫీసరు వస్తున్నాడు, ఆయన సంతకం పెడితే సర్వీసు పుస్తకంలో ఆ ముక్క కొట్టేస్తారు అంది. మా ఇంటావిడ ఆ పిల్లకు టీ ఇచ్చింది. ఈసారి వేడిగా తాగింది.

ఆగస్టు 16.

పొడుగు ఇంటికి వెళ్ళాను. రెండు బస్సులు మారి. వాడు కంటి ఆపరేషన్ చేయించుకుని నల్ల కళ్ళద్దాలతో మంచం మీద కూర్చున్నాడు. ఎవరూ అన్నాడు. ఎడమచేతి మెలిక అన్నాను.

తవ్వారా బావా అన్నాడు. నాకూ వాడికీ చుట్టరికం లేదు. గుంటల్లో పిలుపు అది.

దాచలేదు. నేనే తెరిచాను అన్నాడు. మాస్టారు తన భార్యకు బాగాలేదని ఇంజినీరు కాళ్ళా వేళ్ళా పడ్డాడు, ఇంజినీరు నన్ను తరిమాడు, వానలో గొడుగు పట్టుకుని నా నెత్తిన నిలబడ్డాడు, స్టోర్సులో స్లీవు లేదు, ఆ పూటకని టేపు చుట్టాను అన్నాడు. మర్నాడు నన్ను ఇంకో డివిజనుకు పంపేశారు, అందుకే నీకు రాసి పెట్టాను కదా అన్నాడు.

ఏం రాశావు అన్నాను.

ముప్పై ఏడు కోసం తెరిచాను, టేపే ఉంది, స్లీవు వచ్చాక వేసెయ్యి, ఆలస్యం చేయొద్దు అని రాశాను, నీ సంచిలో బ్లో ల్యాంపుకు చుట్టి మరీ పెట్టాను, గుడ్డివాడికైనా చేతికి తగులుతుంది అన్నాడు.

ఎంక్వయిరీలో నోరెందుకు పెగల్లేదురా అన్నాను. వాడు మంచం మీంచి లేచి నిలబడ్డాడు. పెగిలితే ఏమయ్యేది, చీటీ అంది కూడా పని చేయలేదని నీ ఉద్యోగమే ఊడేది, అజాగ్రత్త అని రాసి వదిలేశారు, అదే నయమని నోరు కుట్టుకున్నాను, నిన్ను కాపాడింది నేను బావా అన్నాడు. రోడ్డు మీద కనిపిస్తే మొహం తిప్పుకునేవాడివి, పోన్లే సిగ్గుపడుతున్నాడు అనుకున్నాను అన్నాడు.

సిగ్గా. నాకా.

నా సంచిలో ఏ కాగితమూ లేదు అన్నాను. అయితే ఎలకలు చదువుకుని ఉంటాయి అన్నాడు. నువ్వు అబద్ధాలకోరువిరా అన్నాను. వాడి కోడలు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. తాగకుండా వచ్చేశాను.

ఆగస్టు 17.

పొడుగు అబద్ధాలకోరు.

ఆగస్టు 18.

అబద్ధాలకోరే.

ఆగస్టు 19.

కాగితం ఉంది.

ఆగస్టు 20. ఉదయం అయిదు.

జ్వరం తగ్గి డ్యూటీకి వెళ్ళిన రోజు. సంచి తెరిస్తే బ్లో ల్యాంపు పిడికి చుట్టి కాగితం. పొడుగు రాత అని తెలిసింది. అక్షరం రాకపోయినా రాత తెలుస్తుంది. వాడిది ఎడమకు వాలుతుంది.

వాడికి జనం సంచుల మీద చీటీలు అంటించే అలవాటు. ఒకసారి నా సంచి మీద నత్త అని అంటించాడట, జాయింటుకు రెండు రోజులు తీసుకుంటానని. అందరూ చదివి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి, చదివినట్టు. టీ కొట్లో పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ణి కూడా. బొమ్మలు చూసి తలాడించేవాణ్ణి. హాజరుపట్టీలో ఒక గీత గీసి సంతకం అనేవాణ్ణి. నాకు చదువు రాదని మా ఇంటావిడకు తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు.

ఆ రోజు చుట్టూ నలుగురున్నారు. ఏం రాశాడు, చదివి చెప్పు అన్నారు. చదవడానికేముంది, వెధవ వేళాకోళం అన్నాను. అగ్గిపుల్ల గీసి ఆ కాగితం అంటించి, దాంతోనే బ్లో ల్యాంపు వెలిగించాను. నలుగురూ పగలబడి నవ్వారు. నాకు హుషారు వచ్చింది. పొడుగుకు బాగా అయిందనుకున్నాను.

మామూలుగా ఏ కాగితం వచ్చినా మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చేవాణ్ణి. మా ఇంటావిడ మూడో తరగతి దాకా చదివింది. చదివి చెప్పేది. ఆ ఒక్క కాగితం తేలేదు. నలుగురి ముందు జేబులో పెట్టుకుంటే పొడుగు మాటకు ఉడుక్కున్నాడనుకుంటారని.

తొమ్మిదో రోజున మాస్టారి భార్యకు ఊపిరాడలేదు.

ఆ మంట నాకు ఎప్పుడూ గుర్తుంది. వేళాకోళమే, వేళాకోళమే అనుకుంటూ వచ్చాను. ఏం రాశావురా అని పొడుగును ఒక్కసారి అడిగితే సరిపోయేది. అడిగితే, చదవలేదా అంటాడు. అందుకని అడగలేదు. రోడ్డు మీద మొహం తిప్పుకున్నది అందుకే.

అదే రోజు, మధ్యాహ్నం.

మా ఇంటావిడకు చెప్పాను. కూర తరుగుతోంది. కత్తిపీట ఆగింది. నా దగ్గర చదివించుకోవడానికి నువ్వెప్పుడూ సిగ్గుపడలేదే అంది. నీ దగ్గర సిగ్గేమిటే, వాళ్ళ దగ్గరే అన్నాను. స్టోర్సు గేటు దగ్గర కూర్చోబెట్టాక రిజిస్టరు రాయాల్సి వచ్చి కదయ్యా నా దగ్గర అక్షరాలు దిద్దావు, అప్పుడైనా ఆ కాగితం గుర్తు రాలేదా అంది.

వచ్చింది అన్నాను.

తరగడం మొదలుపెట్టింది. ఇప్పుడెవరికి చెప్తావు అంది.

ఆగస్టు 21.

ఇంజినీరమ్మ రిపోర్టు టైపు చేయించి తెచ్చింది. బాగా రాసింది. మీ వాంగ్మూలం ఇవ్వండి తాతగారూ, పెద్దాఫీసరు పదకొండుకు వస్తాడు అంది. కాగితం సంగతి చెప్పాను. మంటతో సహా.

ఆ పిల్ల తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు తాతగారూ, కాలిపోయిన కాగితానికి సాక్షి లేడు, మీ తర్వాత జాయింటు తెరిచారన్నది నిజమే కదా, అదొక్కటే రాద్దాం, మీ పేరు బాగుపడుతుంది అంది. నా మంచికే అంది. నాకు తెలుసు. అయినా అరికాలి మంట నెత్తికెక్కింది. నీకు ముందున్నవాడు విప్పకుండా రాశాడమ్మా, నువ్వు సగం విప్పి రాస్తానంటున్నావు, గుంటలోకి దిగాక ఉన్న బురదంతా ఎత్తాలి అన్నాను.

నేనే రాశాను. ఆ పిల్ల పెన్నుతో, పిండిమర అరుగు మీద కూర్చుని. రెండు గంటలు పట్టింది. ఇంజినీరు క్యూ తప్పించి వానలో జాయింటు తెరిపించడం ఒకటి. స్టోర్సులో స్లీవు లేకపోవడం ఒకటి. విప్పి చూడకుండా నా మీద రాయడం ఒకటి. ఈ మూడూ ఆఫీసువి. నాలుగోది నాది. చీటీ అందింది. చదువు రాదు. రాదని చెప్పుకోక కాల్చాను.

ఇది పెడితే ఆ ముక్క కొట్టేయరేమో తాతగారూ అంది. కొట్టేయమని ఎవరడిగారు, అజాగ్రత్త అన్న మాట తీసి, జరిగింది జరిగినట్టు రాయమన్నాను, అజాగ్రత్త అంటే పని రానివాడికి వాడే మాట, నాకు పని వచ్చు అన్నాను. పెద్దాఫీసరు చదివి పరిశీలిస్తాం అన్నాడట. పరిశీలించనీ. గుంట ఎట్లాగూ తెరిచే ఉంది.

ఆగస్టు 22.

పొడుగు ఇంటికి వెళ్ళాను. మంచినీళ్ళు తాగాను. కాగితం ఎందుకు కాల్చానో, నత్త సంగతితో సహా చెప్పాను. నేను లేచేటప్పుడు, నత్త అని రాసింది నేను కాదు బావా, ఏనుగు అని రాశాను, నీ చెవులు చూసి అన్నాడు. ఇన్నేళ్ళూ తప్పు తిట్టుకు ఉడుక్కున్నాను.

ఆగస్టు 24.

మాస్టారికి ఉత్తరం రాశాను. మూడుసార్లు తిరగరాశాను. ఆయన మాస్టారు, తప్పులు దిద్దుతాడు. నకలు ఇక్కడ రాసుకుంటున్నాను.

మాస్టారూ. మీకు ఫోను ఇవ్వడానికి నేను మూసిన జాయింటు తెరిచారు. మీరు అడిగితేనే తెరిచారు. స్లీవు లేక టేపు చుట్టారు. స్లీవు వేయమని నాకు చీటీ వచ్చింది. నాకు అప్పట్లో చదవడం రాదు. రాదని నలుగురిలో బయటపడటం ఇష్టం లేక కాల్చేశాను. మీరు నా చేతులు చూశారు. చేతుల్లో ఏ తప్పూ లేదు, జాయింటు పిండిమరలో ఉంచాను, చూసుకోవచ్చు. తప్పు ఇంకో చోట ఉంది. మీరు ఆ రోజు చీటీ ఏమైనా వచ్చిందా అని అడిగినా రాలేదనే చెప్పేవాణ్ణి. మీరు మీ ఆవిడ కోసం అడిగారు. నేనైనా మా ఆవిడ కోసం అడిగేవాణ్ణి. కానీ ఉన్నది ఉన్నట్టు మీకు తెలియాలి. సగం చెప్పడం నాకు చేతకాదు. 31 పన్నెండింటికి మన రెండు లైన్లూ ఆగిపోతాయి. ఆ లోపల నాకు ఫోను చేయండి. తిట్టాలనుంటే తిట్టండి. ఏమీ అనాలని లేకపోతే ఊరికే పట్టుకోండి. మా గుమ్మం ముందుకు మాత్రం రావద్దు. ఒకసారి వచ్చారు, చాలు.

మా ఇంటావిడ చదివింది. పాపం ఆయన్నెందుకయ్యా ఇందులోకి లాగడం అంది. లాగలేదు, ముందు నుంచీ ఉన్నాడు అన్నాను. ఒక్క పొల్లు తప్పు దిద్ది మడిచి ఇచ్చింది.

మాస్టారిని చూసుకునేది ఆయన చెల్లెలు. గేటు దగ్గర ఆవిడ చేతికిచ్చాను.

ఆగస్టు 26.

కుళాయి దగ్గర మాస్టారి చెల్లెలు కనిపించింది. చదివాడన్నయ్యగారూ, రెండుసార్లు చదివాడు, కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు, అన్నం వద్దన్నాడు అంది. ఇంకేమీ అనలేదా అన్నాను. ఏమీ అనలేదు అంది.

ఆ పనికిరాని ఫోను ఇన్నేళ్ళూ ఎందుకు ఉంచుకున్నాడమ్మా అన్నాను. మీకు తెలీదా అంది. రోజూ మధ్యాహ్నం మూడింటికి రిసీవరు ఎత్తి టోను ఉందా లేదా అని వింటాడట. విని పెట్టేస్తాడట. ఎవరికీ చేయడట. నిన్న మాత్రం ఎత్తాక మళ్ళీ పెట్టలేదు అంది. టోను పోయి కీచుమని మొత్తుకున్నా అట్లాగే పట్టుకు కూర్చున్నాడట. ఆవిడే తీసి పెట్టిందట.

టోను వినడానికి కాదు ఫోను. ఆ సంగతి పిల్లలకు పాఠాలు చెప్పినవాడికి నేను చెప్పాలా.

ఆగస్టు 28.

మూడింటికి మా రిసీవరు ఎత్తి చూశాను. టోను ఉంది. వెంటనే పెట్టేశాను. నేను పట్టుకు కూర్చుంటే ఆయనకు ఎంగేజ్ వస్తుంది.

ఆగస్టు 30. ఉదయం పదకొండు.

స్తంభం ఎక్కాను. మా ఇంటావిడ నిచ్చెన పట్టుకుని, నేను దిగేదాకా తిట్టింది. డబ్బా విప్పి చూశాను.

జత 40. టోను ఉంది. గరగర లేదు.

జత 37. టోను ఉంది. గరగర లేదు.

రేపు పన్నెండు లోపల మోగాలి. మోగకపోతే లోపం లైనులో లేదు.